గుమ్మం దగ్గర మూడో జత

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను ఒకటే అడిగేవాణ్ణి, "కొలిచి చూశారా?" అని. బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు తనిఖీ విభాగంలో పనిచేశాను. తయారైన ప్రతి ముక్కనీ కొలిచి, సరిపోతే ఒక పక్క, సరిపోకపోతే ఇంకో పక్క పెట్టడం నా పని. వీధిలో ఎవరికో పూనకం వచ్చిందంటే వెళ్ళి చూసి, నవ్వుకుని వచ్చేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నదాన్ని ఏ పక్క పెట్టాలో మాత్రం నాకు తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీరే చూసుకోండి.

మాది బెంగుళూరు పాత ఊళ్ళోని నగర్తపేట. తాతల కాలం నుంచీ అక్కడే. మా నాయనది ముత్యాలు, నల్లపూసలు పట్టుదారంతో కూర్చే పని. నలుగురు కూర్చుంటే ఐదోవాడు నిలబడాల్సినంత అంగడి. దారాన్ని ఎడమకాలి బొటనవేలికి తగిలించుకుని, లాగి బిగించి, ముడి మీద ముడి వేసుకుంటూ పోయేవాడు. పూసలు పరిచిన చోట చెప్పులతో తొక్కకూడదు కాబట్టి అందరి చెప్పులూ మెట్టు దగ్గరే ఆగిపోయేవి.

ఆయనకో అలవాటు ఉండేది. పనైపోయి నగ చేతికిచ్చాక, తనే లేచి, వచ్చినవాళ్ళ చెప్పుల్ని వీధివైపు తిప్పి పెట్టేవాడు. మీరు పెద్దవాళ్ళు, మా చెప్పులు ముట్టుకోవడమేమిటని ఎవరైనా నొచ్చుకుంటే, "పనైనాక నిలబడకూడదప్పా, పోతా ఉండల్ల" అనేవాడు. ఇంట్లోనూ అంతే. నేను బడికి ఆలస్యం చేస్తుంటే తిట్టేవాడు కాదు. నా బూట్లు వాకిలివైపు తిప్పి పెట్టి ఊరుకునేవాడు. అది చూశానంటే ఇక పరుగే.

ఆలస్యం నాకు పుట్టుకతో వచ్చింది. "ఇంకా గంట టైముంది" అన్నది నా ఊతపదం. మా ఆవిడ వనజ ఇప్పటికీ దాన్ని పట్టుకుని నన్ను ఆటపట్టిస్తుంది. నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం తమ్ముడు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రమ్మన్నాడు. షిఫ్టు అయిపోవడానికి ఇంకా గంట ఉంది, అయ్యాక వస్తానన్నాను. నేను వెళ్ళేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

"వచ్చినాడా, వచ్చినాడా అని వాకిలి తట్టే చూస్తా ఉండె" అన్నాడు తమ్ముడు. నన్ను నొప్పించాలని అనలేదు వాడు. కానీ పంతొమ్మిదేళ్ళయినా ఆ మాట నన్ను వదల్లేదు.

వార్డు బయట విడిచిన ఆయన చెప్పులు మాకు దొరకలేదు. ఎవరో తొడుక్కుపోయారు. టైరు ముక్కతో అడుగు వేయించుకున్న తోలు చెప్పులు. ఎడమ చెప్పుకి బొటనవేలు దూరే పట్టీ తెగితే, ఆయన తన మెరూన్ రంగు పట్టుదారంతో తానే చుట్టుకున్నాడు. చివర మూడు చుట్ల ముడి. నల్లపూసల దండ ముగించేటప్పుడు ఆయన వేసే ముడి అది. చెప్పుకి పట్టుదారమా అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్ళం.

ఇక అసలు సంగతి. మా అమ్మాయి వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. మేమంతా బ్రూక్‌ఫీల్డ్‌లో ఒకే ఫ్లాట్లో ఉంటాం. నేను రిటైరయ్యాక మా ఇద్దరికీ ఓడ ప్రయాణం బుక్ చేసింది. ఇంగ్లండులో ఎక్కి, తీరంలోని ఊళ్ళు చూసుకుంటూ పన్నెండు రోజులు. వనజకి అంతకు ముందు ఏడాదే గుండెకి స్టెంట్ వేశారు. డాక్టరు వెళ్ళొచ్చన్నాడు కానీ, పరుగులు వద్దు, నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఎప్పుడూ దగ్గరుండాలి అన్నాడు.

"అప్పా, ఎక్కడ దిగినా గుంపుతోనే పోండి. అమ్మ మాత్రలు బ్యాగులో పెట్టుకున్నారా లేదా అని రోజూ చూస్కోండి" అని అమ్మాయి విమానాశ్రయంలో పదిసార్లు చెప్పింది. నేను పదిసార్లూ తలూపాను.

జర్మనీలో మా ఓడ ఆగింది ఒక చిన్న రేవు ఊళ్ళో. ఓడవాళ్ళు మిగతా అందరినీ బస్సులెక్కించి దూరంగా ఉన్న పెద్ద నగరానికి తీసుకెళ్ళారు. జెండా పట్టుకున్న మనిషి వెనక మందలా నడవడం నాకు కిట్టదు. మనమే నడిచి ఊరు చూద్దాం, తిరిగి ఓడ ఎక్కడానికి సాయంత్రం నాలుగున్నర దాకా టైముందన్నాను. వనజ కాదనలేదు. పొద్దున, ఇంటి నుంచి తెచ్చుకున్న నిప్పట్లు, అదే కారం చెక్కలు, చుట్టడానికి కాగితం కావలసి, గది తలుపు కింద నుంచి ఓడవాళ్ళు ముందురోజు సాయంత్రం తోసిన కాగితం కనబడితే అందులోనే చుట్టి బ్యాగులో వేసుకున్నాను. రోజూ ఏదో ఒకటి తోస్తూనే ఉంటారు. చదవలేదు.

ఊరు బావుంది. ఎర్ర ఇటుకల ఇళ్ళు, కిటికీల్లో పూలకుండీలు, కాలువ పొడుగునా చేపల పడవలు. పొగబెట్టిన చేపల వాసనకి వనజ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఇసుకలో గంపను నిలువునా కోసి నిలబెట్టినట్టున్న కుర్చీలున్నాయి. ఒకదాంట్లో కూర్చుని నిప్పట్లు తీయబోతే ఒక సముద్రపు పక్షి నేరుగా నా చేతిమీదికే వచ్చింది. బ్యాగు మూసేశాను.

చర్చి గోపురం మీద గడియారం నా వాచీకంటే గంట ముందుంది. వనజ అది చూసి అడిగింది. ఓడ ఎక్కిన రోజే అక్కడి సిబ్బంది చెప్పారు, ఓడ టైమే మీ టైము, ఊళ్ళో గడియారాలు చూసి మోసపోవద్దని. అదే ఆమెకి వివరంగా, కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె ఫోను ఫోటోలకే వాడుతున్నాం. ఖర్చవుతుందని భయపడి నెట్‌వర్క్ మొదటి రోజే ఆపేశాం, అందులో టైము ఇంకా మన దేశానిదే.

నా వాచీలో రెండున్నరయినప్పుడు చినుకులు మొదలయ్యాయి. చర్చిలోకి వెళ్ళాం. ఇక్కడ మేమొక పని చేశాం. తలుచుకుంటే నవ్వొస్తుంది. రాతిమెట్టు మీద ఇద్దరం బూట్లు విడిచి, మేజోళ్ళతో లోపలికి పోయాం. దేవుడి చోటుకి బూట్లతో ఎలా పోతాం? లోపల పూలు సర్దుతున్న ఒక ముసలావిడ మా కాళ్ళకేసి చూసి, చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయింది. ఆమె వెనకాల తలుపు కీచుమని మూసుకుంది. ఆ చప్పుడు చర్చి మొత్తం వినిపించింది.

తర్వాత మేమిద్దరమే. ఒకే హాలు, ఒకే తలుపు. పైకప్పు నుంచి ఒక చిన్న చెక్క ఓడ వేలాడుతోంది. గోడ మీద పలక నిండా పేర్లు. పక్కన లంగరు బొమ్మ ఉంది కాబట్టి సముద్రం మీదికి పోయి తిరిగి రానివాళ్ళ పేర్లనుకున్నాను. భాష రాకపోయినా ఒక్కొక్క పేరూ చదివాను. వనజ బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. అరగంట కూర్చున్నాం. ఆ అరగంటలో తలుపు మళ్ళీ కీచుమనలేదు.

బయటికొచ్చాం. మెట్టు మీద మా బూట్లు లేవు. అవి పక్కన, గోడ వారగా, చూరు కింద ఉన్నాయి. వాన బాగానే కురిసింది కానీ అవి పొడిగా ఉన్నాయి. మేము విడిచినప్పుడు ముందుభాగం చర్చివైపు ఉంది. ఇప్పుడు నాలుగూ వీధివైపు, వరుసగా, పక్కపక్కన.

మేము బూట్లు విడిచిన చోట, వానలో, మూడో జత ఉంది. తోలు చెప్పులు. టైరు అడుగు. ఎడమ చెప్పు బొటనవేలి పట్టీకి దారం చుట్టి ఉంది. తడిసి నల్లబడినా మెరూన్ రంగు తెలుస్తోంది. నేను మోకాళ్ళమీద కూర్చుని చూశాను. మూడు చుట్లు లెక్కపెట్టాను. తోలు మీద బొటనవేలు నొక్కి నొక్కి పడిన గుంట ఉంది. ముట్టుకోవాలని చెయ్యి చాపాను. చెయ్యి పోలేదు. నాకు భయం వేసింది. అరవై ఏళ్ళలో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

మా నాయన్ని పిలిచే పిలుపుతో వనజ "మామ" అంది. అంతే.

తర్వాత బూట్లు తొడుక్కుని, "నడవండి, ఓడకి పోదాం" అంది.

"ఇంగా గంటన్నర ఉండాది కదా" అన్నాను. నా నోరు అలవాటుకొద్దీ అంది.

"బూట్లు తిప్పిపెట్టినాక కూడా గంటంటారా మీరు?" అని ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

నేను తలుపు తోసి లోపలికి ఒకసారి చూశాను. బెంచీలు ఖాళీగా ఉన్నాయి. వేలాడే ఓడ కొంచెం కదులుతోంది. తలుపు తీసిన గాలికి కదిలి ఉంటుంది. బూట్లు కాళ్ళకి తగిలించుకుని వనజ వెనకాల పోయాను.

రేవుకి ఇరవై నిమిషాల దారి. ఆమె వడివడిగా నడవకూడదు కాబట్టి అరగంట పట్టింది. మలుపు తిరిగేసరికి, ఓడ మెట్ల దగ్గర ఇద్దరు సిబ్బంది మమ్మల్ని చూసి చేతులూపుతున్నారు. ఒకతను వైర్‌లెస్‌లో ఏదో అరుస్తున్నాడు. మేము ఎక్కగానే మెట్లు లాగేశారు. చివరి మనుషులం మేమే. ఓడ గడియారంలో నాలుగున్నర దాటింది. నా వాచీలో మూడున్నర.

గదిలోకొచ్చి నిప్పట్లు విప్పాను. నూనె ఇంకిన ఆ కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉంది, రాత్రికి మీ గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకోండి అని. రోజంతా అది నా భుజానికి వేలాడుతూనే ఉంది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఆరున్నరకి వనజకి నొప్పి వచ్చింది. చెమటలు పట్టి, మాట రాక, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాత్రల కోసం బ్యాగు వెతికాను. లేవు. స్నానాల గదిలో అద్దం ముందున్నాయి. ఆ రోజు బ్యాగులో పెట్టనే లేదు. మాత్ర నాలుక కింద పెట్టాను. ఓడ డాక్టరు నాలుగు నిమిషాల్లో వచ్చాడు. రాత్రంతా ఆమెని తన గదిలోనే ఉంచుకుని, మరుసటి ఊళ్ళో పెద్దాసుపత్రికి చేర్చాడు. రెండో స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే ఉంది. ఇది రాస్తుంటే వంటింట్లోంచి కాఫీ ఆరిపోతోందని అరుస్తోంది.

ఓడ తప్పిపోయి ఉంటే ఆ వేళకి మేము ఆ రేవులో నిలబడి ఉండేవాళ్ళం. పాస్‌పోర్టులు, గుండె ఫైలు, మాత్రలు అన్నీ ఓడలో పోయేవి. భాష రాదు, ఫోను పనిచెయ్యదు. వనజ ఏమయ్యేదో తలుచుకోవడానికి నాకు ధైర్యం చాలదు. ఆ నడక వల్లే నొప్పి వచ్చిందేమోనని డాక్టర్ని అడిగాను. చెప్పలేను, కూర్చున్నా వచ్చి ఉండేదేమో అన్నాడు.

తనిఖీ చేసేవాడిగా నేను అన్నీ ఆలోచించాను. బూట్లు తడుస్తున్నాయని ఆ ముసలావిడే పక్కకి జరిపి ఉండవచ్చు. ఒప్పుకుంటాను. ఆ చెప్పులు ఇంకెవరో మనదేశం మనిషివి అయ్యుండవచ్చు. కానీ ఆ మనిషి ఏడి? ఒట్టికాళ్ళతో ఆ చలిలో ఎటు పోయాడు? దారం ఎక్కడైనా దొరుకుతుంది. ముడి? అలా వేసేది మా నాయన తర్వాత మా తమ్ముడొక్కడే. వాడికి ఫోన్ చేసి అడిగితే, "నగర్తపేట అంగడి దాటి నేనెక్కడికి పోతాను, అన్నా?" అన్నాడు. చర్చిలోకి వెళ్ళే ముందు వనజ తీసిన ఫోటోలో ఖాళీ మెట్టు ఉంది. వచ్చాక ఫోటో తియ్యాలని ఇద్దరికీ తోచలేదు. ముప్పై రెండేళ్ళు ఇన్‌స్పెక్షన్ చేసినవాడికి ఇది సిగ్గుచేటు.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను తినేసేది వేరే ఉంది. మా బూట్లు వీధివైపు ఉన్నాయి. ఆ చెప్పులు మాత్రం చర్చివైపు, మనిషి లోపలికి పోతూ విడిచినట్టు ఉన్నాయి. ఆసుపత్రిలో వాకిలికేసి చూసి చూసి పోయిన మనిషి, ఆ రోజు మా బూట్లు చూరు కిందికి జరిపి, తన చెప్పులు వానలో వదిలి, లోపలికి వచ్చాడన్నమాట. నేను బయటికి వచ్చేశాను.

పొమ్మన్నది ఆయనే కదా అంటుంది వనజ. నిజమే. జీవితమంతా ఇంకా గంట ఉందన్నవాణ్ణి, ఆ గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉండవలసింది.