వరండా బండలో సముద్రం

ఆ రోజుల్లో కాంట్రాక్టు లెక్చరరంటే యూనివర్సిటీలో ఎవరికీ లెక్కలేదు. కడపలో నేను చేరిన మొదటి రోజే మా పెద్దసారు (ఇంగ్లీషు శాఖకు పెద్ద కాబట్టి ఆ పేరు, మనసు పెద్దదని కాదు) స్టాఫ్‌రూంలో అందరికీ టీ తెప్పించి, నాతో మాత్రం "నువ్వు తాగొచ్చింటావులేప్పా" అన్నాడు. నేను తాగి రాలేదు. ఆ మాట ఆయనతో అనాలని ఇప్పటికీ ఉంది. పైగా నర్సింగు, లా పిల్లలను తనవాళ్ళకు పంచి, నాకు భూగర్భశాస్త్రం వాళ్ళను అంటగట్టాడు. "వాళ్ళ పనికి పనికొచ్చే ఇంగ్లీషు నేర్పించు. ఏడాది చివర్లో వచ్చి కూర్చుంటా. ఒక్కరన్నా నోరు తెరవకపోతే నీ కాంట్రాక్టు ఈడికే సరి."

నేను మొండిగా ఏడాదంతా ఒకటే నేర్పాను: ఇంటర్వ్యూలో తమ గురించి తాము చెప్పుకోవడం. ఆయన వచ్చిన రోజు ఆదోని పక్క పల్లె అమ్మాయిని లేపి, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నాను. తలవంచుకుంది.

"మన గొప్ప మనమే చెప్పుకుంటే బాగుంటాదా సార్? ఇంట్లో తెలిస్తే తిడతారు."

వెనక బెంచీ నవ్వింది. పెద్దసారు పెన్ను మూత తీశాడు. (ఆ చప్పుడూ మర్చిపోలేదు.) నా పని అయిపోయిందనుకుంటుండగా, "రాయి గురించైతే చెప్తా సార్" అని ఆ అమ్మాయి వాటర్ బాటిల్ తీసుకుని వరండాలోకి నడిచింది. అందరం వెంట వెళ్ళాం. నేలకు పరిచిన నాపరాతి బండ మీద నీళ్ళు కుమ్మరించింది.

"ఏయ్ పాపా, తాగే నీళ్ళు!" అని పెద్దసారు అరిచాడు.

తడిసిన బండ నల్లబడింది. దాని మీద సన్నని అలలు, ఒకదాని వెనక ఒకటి, తేలాయి. "దిస్ ఈజ్ సీ బాటమ్, సార్. సీ వజ్ హియర్. వాటర్ గో, వేవ్ స్టే." తప్పులు దిద్దాలన్న సంగతే మర్చిపోయాను. చినుకు కోసం మొహం వాచిన మా నేల మీద, మనిషన్నవాడు పుట్టకముందు, ఒక సముద్రం! రోజూ దాని మీదే చెప్పుల దుమ్ము దులుపుకుని క్లాసుకు పోయేవాణ్ణి.

పెద్దసారు వంగి బండను తడిమాడు. "ఇది నువ్వు నేర్పించినావా?" అన్నాడు. ఆయన కోసం ఏడాదిగా దాచుకున్న జవాబులన్నీ పక్కన పెట్టాను. నేనూ బండ పక్కన గొంతుక్కూర్చుని, "ఈ అల యాడికి పోతాండాది మా?" అని ఆ అమ్మాయినే అడిగాను.

"ఈడ పరిచినట్ల చూస్తే శ్రీశైలం దిక్కుకు సార్."

కాంట్రాక్టు నిలిచింది. మెచ్చుకోలు మాత్రం భూగర్భశాస్త్రం సారుకు పోయింది (దాని మీద అర్జీ పెట్టాను, జవాబు రాలేదు). ఇప్పుడు పెద్దసారు కుర్చీలో నేనున్నాను. ఎవరి మీదో కోపంతో ఆ వరండాలో విసవిసా నడుస్తూ, ఆ బండ రాగానే కాలు పక్కకు వేస్తాను, అల చెదురుతుందేమోనని. ఈ వయసులో ఇదేం చేష్టరా అని నాకే నవ్వొస్తుంది.