పట్టపగలు, కంబళ్ళ చీకట్లో తోలుబొమ్మలాట

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. తోలుబొమ్మలాట చూడటానికి వంద కిలోమీటర్లు పోయి, బొమ్మలకంటే గడియారాన్నే ఎక్కువ చూసి వచ్చినవాడు రాసేదేముంటుంది? కానీ మడకశిర వైపు వెళ్ళాలనుకుంటున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారు.

నన్ను రమ్మని పట్టుబట్టింది గోవిందప్ప. బొమ్మలాడించేవాడు, నాకు పాత స్నేహితుడు. వానలు ముఖం చాటేసిన ఏడు ఆ ఊళ్ళలో వాన కోసం ఒక కథ ఆడిస్తారు. ఏడు గంటల కథ. మొదలుపెడితే మంగళం పాడాల్సిందే, సగంలో ఆపితే ఊరికి అరిష్టమంటారు. మునుపు తెల్లవార్లూ ఆడేవాళ్ళు. ఇప్పుడు రాత్రి పది దాటితే మైకు బందు. పోయినేడు పదింటికి మైకు ఆపించారు, కథ సగంలో నిలిచింది, వానా రాలేదు. ఊరివాళ్ళు గోవిందప్పకు మళ్ళీ ఆటకు తాంబూలం ఇవ్వలేదు. ఆ ఆకూ వక్కా చేతిలో పడితేనే వచ్చే ఆట ఖాయమైనట్టు. ఈసారి తనే వెళ్ళి, ఇదొక్కసారి చూడండని బతిమాలుకున్నాడు.

అనంతపురంలో ఎనిమిదింటికి బస్సెక్కి, పెనుకొండ మీదుగా పదకొండున్నరకు మడకశిరలో దిగాను. నా గడియారం నా పెళ్ళిలో మా మామ పెట్టింది. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోతుంది, మామలాగే. అక్కణ్ణుంచి ఊరికి షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

"బొమ్మలాటకా తాతా? మూడింటికే మొదలంట. పగలు చీకటి యాడ తెస్తారప్పా?" అన్నాడు డ్రైవరు.

గొర్రెల కాపరుల ఇళ్ళనుంచి తెచ్చారు. వీధిలో పందిరి వేసి, ఇంటింటి నల్ల కంబళ్ళూ పైనా పక్కలా కప్పేశారు. లోపల గొర్రెల వాసన, చెమట, తెర మీద రంగురంగుల బొమ్మలు. అంతా బాగానే ఉంది, గాలి ఒక్కటి మరిచారు. కంబళి లేచినప్పుడల్లా ఎండ తెర మీద పడేది, రాజులూ రథాలూ మాయమయ్యేవి. వాన కథలో ముక్క వదలకూడదట, గోవిందప్ప ఆ ఘట్టం మళ్ళీ మొదలుపెట్టేవాడు.

"వాన తెమ్మంటే గాలి తెస్తాండావేమన్నా!" అని ఎవరో అరిచారు.

"ముందు కంబళి పట్టుకోప్పా, తర్వాత తిడుదువు!" తెర వెనకనుంచి, మైకులోనే, గోవిందప్ప.

నేనూ ఒక మూల పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. పొద్దుగూకేసరికి కథ అరగంట వెనకబడింది. బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ ముప్పై రూపాయలు. తింటూ కూడా అటూ ఇటూ తిరుగుతుంటే అమ్మే ఆమె విసుక్కుంది: "కూచోని తినప్పా, నువ్వు తిరిగితే టైము నిలబడ్తాదా?"

తొమ్మిదిన్నరకు కానిస్టేబుల్ వచ్చి ఆంప్లిఫయర్ పక్కన కూర్చున్నాడు, చేతిలో అనుమతి కాగితం.

"ఒక్క అరగంట, సార్," అన్నాను.

"నా ఉద్యోగం పోతే నువ్వు ఇప్పిస్తావా పెద్దాయనా?"

సరిగ్గా పదికి తెర పక్కనుంచి గోవిందప్ప చెయ్యి బయటికొచ్చి మైకు వైరు లాగేసింది. పాట మాత్రం ఆగలేదు. కానిస్టేబుల్ కాగితం మళ్ళీ చదువుకున్నాడు. "దీంట్లో మైకనే ఉండాది. గొంతని లేదు," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈడికి ఇనపడ్లేదప్పో!" అన్నారు వెనకవాళ్ళు. ముందు వరుస ఆడవాళ్ళు ఒక్కో చరణం అందుకుని వెనక్కి తిరిగి పాడారు. పదీ ఇరవైకి మంగళం అయింది.

నిద్ర పట్టని వయసు నాది. మా వీధిలో పది దాటాక మైకు మోగితే ముందు తిట్టేది నేనే. అందుకని ఆ నిబంధనను ఏమీ అనను. కానీ ఏడు గంటల కథ కోసం పగటికే కంబళి కప్పినవాళ్ళను చూశాక, నాకు కంగారెక్కువనీ ఓపిక తక్కువనీ తెలిసింది. వెళ్ళేవాళ్ళకు ఒకటే మాట: ముందు వరుసలో కూర్చోండి, పది దాటాక అక్కడే వినపడుతుంది.

తెల్లవారి బస్సుకు బయల్దేరుతుంటే ఊరి పెద్ద వచ్చి గోవిందప్పకు రెండు ఆకులూ ఒక వక్కా ఇచ్చాడు. గోవిందప్ప వాటిని బొమ్మల పెట్టెలో పెట్టి, తాడు కట్టాడు.