అత్తమ్మ కాళ్ళకు ఆరాం

మా అత్తమ్మకు బస్సు పడదు. కారు అసలే పడదు. కిషన్‌బాగ్‌ల బస్సెక్కితె అఫ్జల్‌గంజ్ రాకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటది. కారైతె డోరేసిన చప్పుడుకే మొహం తెల్లవోతది. మొహానికి గాలి తగిలే బండి మీద మాత్రం ఆమెకు ఏం కాదు. మా మామ బతికున్నన్ని రోజులు ఆయన స్కూటర్ ఎనుక ఒక్కదిక్కు కూసోని ఊరంత తిరిగింది. మామ పోయినంక స్కూటర్‌ను ఎవరో తీస్కపోయిండ్రు. అత్తమ్మకు ఇగ ఎటు పోవాలన్నా నడకే దిక్కయింది.

నేను కంచన్‌బాగ్‌ల ఒక లోహాల ఫ్యాక్టరీల పని చేస్త. స్టోర్స్ సెక్షన్. ఇనుము గురించి నాకు తెలిసింది అది ఏ రాక్‌ల ఉన్నది, ఎంత బరువున్నది, గంతే. గని అత్తమ్మ బస్తీల అందరికి "మా అల్లుడు రాకెట్లకు ఇనుము చేస్తడు" అని చెప్పి పెట్టింది. నేను ఒకటి రెండుసార్లు కాదని చెప్పబోయిన. నమ్మలేదు సరికదా, సీక్రెట్ గాబట్టి గట్ల అంటున్ననని అందరికి ఇంకా గట్టిగ చెప్పింది.

గిట్లుండంగ నేను సెకండ్ హ్యాండ్‌ల పెద్ద టూరింగ్ బండి ఒకటి తెచ్చుకున్న. నా భార్య దాని మీద ఒక్కసారి సాగర్ దాక వచ్చింది. ఇంటికొచ్చి దిగి, కాళ్ళు ఒత్తుకుంట, "ఇది బండి గాదు, ఒంటె. నువ్వే తిరుగు" అన్నది. ఆ రోజు అత్తమ్మ మా ఇంట్లనే ఉన్నది. కూతురి మాట ఇని, బయటికొచ్చి బండి చుట్టూ ఒక తిప్పు తిరిగింది.

"శ్రీశైలం పోతదా ఇది?" అని అడిగింది.

"పోతది అత్తమ్మా."

"మల్లన్నకు మొక్కున్నది. ఘాట్ రోడ్డుల బస్సంటె నా పాణం పోతది. మీకు తీరినప్పుడు జర తీస్కపోండ్రి."

అప్పట్ల ఆమె నన్ను మీరు అంటుండె. నేను ఇంట్లకొస్తె కుర్చీల నుంచి లేస్తుండె. అసుంటి అత్తను ఎనుక కూసోపెట్టుకోని అంత దూరం ఎట్ల పోవాలె? నా భార్యను చూసిన. ఆమె పల్లీలు ఒలుచుకుంట నవ్వుతున్నది గని సాయానికి రాలేదు.

ముందుగాల దగ్గరి ఊరికి పోయి చూద్దాం అనుకోని, ఒక ఆదివారం పొద్దున అనంతగిరి గుడికి బయలెల్లినం. అత్తమ్మ పట్టుచీర కట్టుకోని, ఒక్కదిక్కు కూసున్నది. అల్లుని భుజం మీద చెయ్యేస్తె బాగుండదని ఎనుకున్న కడ్డీ పట్టుకున్నది. మా ఇద్దరి నడుమ కొబ్బరికాయల సంచి పెట్టింది. చేవెళ్ళ దాక ఆ సంచి దేశాల నడుమ బార్డర్ లెక్క ఉన్నది. చేవెళ్ళ దాటినంక ఒక బర్రె అడ్డమొచ్చి నేను బ్రేకేసిన. బార్డర్ పోయింది, ఒక కొబ్బరికాయ పలిగి నీళ్ళు నా అంగి ఎనుక కారినయి.

గుడి కాడ బండి ఆపిన. అత్తమ్మ దిగింది. దిగుడుతోనే రెండు కాళ్ళు తిమ్మిరెక్కి, ఉన్నకాడనే మోకాళ్ళ మీద కూలబడ్డది. ఆ ఊపుల చేతులు గూడ నేలకు ఆనినయి. మొహం సరిగ్గ గుడి దిక్కే ఉన్నది. ఎనుక వస్తున్న జనం చూసి ఆగిండ్రు. ఒక ముసలాయన దండం పెట్టి, "అమ్మ ఎంత భక్తితోని వచ్చిందో, ముందుకు పోనియ్యిండ్రి" అన్నడు. లైను పక్కకు జరిగింది. నేను లేపబోతె అత్తమ్మ కింద నుంచే చిన్నగ, "ఆగుండ్రి, తిమ్మిరి పోనియ్యిండ్రి. మనల్నే ముందుకు పంపుతున్నరు" అన్నది. దర్శనం మస్తు జల్ది అయింది.

ఇంటికొచ్చినంక రెండు రోజులు అత్తమ్మ గోడ పట్టుకోని నడిచింది. నా భార్య అప్పుడు అన్నది: "అమ్మా, ఒక్కదిక్కు కూసుంటె కాళ్ళు యాలాడుతయి. మొగోళ్ళ లెక్క రెండు దిక్కుల కాళ్ళేసి కూసో."

"బస్తీల నవ్వుతరు" అన్నది అత్తమ్మ. మాట అక్కడికే ఆగిపోయింది.

మల్ల ఆదివారం నేను కిషన్‌బాగ్ పోయేసరికి అత్తమ్మ పంజాబీ డ్రెస్సుల నిలబడి ఉన్నది. ఆమె జాకెట్లు కుడుతది, ఎప్పటి నుంచో ఆ పనే. ఏదో పాత జరీ చీర చింపి తానే కుట్టుకున్నది. భుజాల మీద జరీ, కాళ్ళ కాడ జరీ. పెండ్లి బ్యాండుల బాజా ఊదేటాయన లెక్క ఉన్నది. నేను నవ్వలేదు. నవ్వకుండ ఉండేటందుకు ఎంత కష్టపడ్డనో నాకే తెలుసు. పక్కింటామె మాత్రం గోడ మీదికెల్లి చూసి, "ఏంది అక్కా ఇది?" అని అడిగింది.

"యూనిఫారం" అన్నది అత్తమ్మ.

రెండు దిక్కుల కూసున్నది. నడుము బాగనే ఉన్నది గని, ఎనుక కాళ్ళు పెట్టే కడ్డీలు మస్తు మీదికి ఉన్నయి. మోకాళ్ళు నా పక్కటెముకల కాడికి వచ్చినయి. "గిట్ల కప్ప లెక్క కూసోని శ్రీశైలం పోతె మల్లన్నే బెదురుతడు" అన్నది. దిగి, లోపలికి పోయి, అటక మీది నుంచి ఒక బరువైన సామాను దించమన్నది. దించి చూస్తె అది ఆమె పాత కుట్టు మిషన్ పెడల్. మిషన్‌కు మోటరు పెట్టించినంక దాన్ని దాచి పెట్టిందట.

"దీని మీద పొద్దంత కాళ్ళు పెట్టి కుట్టిన. ఒక్కనాడు గుంజలేదు. ఇదే పెట్టియ్యిండ్రి."

"ఒక్కటే ఉన్నది గద అత్తమ్మా. కాళ్ళు రెండు."

"జుమ్మేరాత్ బజార్ ఎందుకున్నది మరి?"

బేస్తారం నాడు నిండే ఆ అంగడికి పోయినం. పాత సామాను కుప్పల నడుమ ఆమె పెడళ్ళు ఒక్కొక్కటి కింద పెట్టించుకోని, చెప్పులిడిసి, మీద నిలబడి, కండ్లు మూసుకోని చూసింది. అమ్మేటాయన నన్ను పక్కకు పిలిచి, "అమ్మాకు తబియత్ ఠీక్ హై నా?" అని అడిగిండు. పాణం బాగనే ఉన్నదని చెప్పిన. ఆఖరికి ఒకటి ఆమె కాలికి నచ్చింది.

కిషన్‌బాగ్‌ల ఒక వెల్డింగ్ భాయ్ ఉన్నడు. గేట్లు, కిటికీ జాలీలు చేస్తడు. పెడళ్ళు చూసి గడ్డం గోక్కోని, "హో జాతా, అయితది" అన్నడు. సాయంత్రానికి బండికి రెండు దిక్కుల రెండు పెడళ్ళు వచ్చినయి. రెక్కలొచ్చిన ఎద్దు లెక్క అయింది నా బండి. ఎక్కి కూసుంటె అత్తమ్మ మొహంల ఎంత సుఖమో. గల్లీల పోతుంటె మాత్రం ఎడమ దిక్కు రెక్క ఒక తోపుడు బండికి తగిలి, నాలుగు బీరకాయలు మాతోని వచ్చినయి. ఎనుకకు పోయి ఇచ్చి వచ్చినం.

మెయిన్ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ వచ్చింది. జరంత జోరుగనే ఎక్కిచ్చిన. టంగుమని చప్పుడు. ఎనుక నుంచి, "బిడ్డా, ఆపు. కాలు కింద భూమి లేదు" అన్నది అత్తమ్మ. కుడి దిక్కు పెడల్ ఊడి, రోడ్డు మీద జారుకుంట పోయి, చౌరస్తాల ట్రాఫిక్ పోలీసాయన బూటు ముందట ఆగింది. ఆయన దాన్ని ఎత్తి, తిప్పి చూసి, మా దిక్కు నడిచి వచ్చిండు.

"ఏందమ్మా ఇది?"

"కుట్టు మిషన్ పెడల్" అన్నది అత్తమ్మ.

"మిషన్ ఏది?"

"ఇంట్ల ఉన్నది."

"మరి పెడల్ బండి మీద ఏం చేస్తున్నది?"

"కాళ్ళు గుంజుతున్నయి సార్. గందుకు."

ఆయన పెడల్‌ను చూసిండు, ఆమె జరీని చూసిండు, ఆఖరికి నన్ను చూసిండు. "నువ్వేం పని చేస్తవయ్యా?" అన్నడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకున్నది: "రాకెట్లకు ఇనుము చేస్తడు."

పోలీసాయన పెడల్ నా చేతుల పెట్టి, "రాకెట్లకు గూడ గిట్లనే అతికిస్తున్నరా?" అని, ఇంకో దిక్కుది గూడ అక్కడనే ఊడదీపిచ్చి మమ్మల్ని పంపిండు. తెల్లారి మా ఫ్యాక్టరీల అడిగితె అది బీడు ఇనుమన్నరు. మామూలు వెల్డింగ్ పెడితె పగులుతదట. ముచ్చట మొత్తం చెప్తె స్టోర్స్ అంత పొట్ట పట్టుకోని నవ్వింది. వెల్డింగ్ భాయ్‌ని అడిగితె, "నేను చెప్దామనే అనుకున్న సాబ్, అమ్మా సంతోషంల ఉండె" అన్నడు.

ఆ రోజుతోని పెడళ్ళు పోయినయి, అత్తమ్మ నోట్ల 'మీరు' గూడ పోయింది. చౌరస్తాల 'బిడ్డా' అన్న మాట మల్ల ఎనుకకు పోలేదు.

ఈసారి భాయ్, నేను కూసోని నిమ్మళంగ ఆలోచన చేసినం. అత్తమ్మను బండి మీద కూసోపెట్టి, పాదం ఎక్కడికొస్తె మోకాలు సుకంగ వంగుతదో చూసి, గోడ మీద సుద్దముక్కతోని గీత గీసినం. పాత కడ్డీల కన్నా జానెడు కిందికి, జరంత ముందుకు. కాలు జారకుండ గీతలున్న అల్యూమినియం రేకుతోని రెండు పలకలు చేసిండు. వెల్డింగ్ లేదు, బోల్టులే. గల్లీల పోయేటప్పుడు మీదికి మడుస్తె బీరకాయలకు తగలవు. అత్తమ్మ ఎక్కి కూసోని కాళ్ళు పెట్టింది. ఎట్లున్నదని తిరిగి చూస్తె కునుకు తీస్తున్నది.

ఒక్కటే తక్లీఫ్ మిగిలింది. కుడి దిక్కు కింద సైలెన్సర్ ఉన్నది. శంషాబాద్ దాక పోయొచ్చేసరికి పలక కాలి, ఆమె కుడి చెప్పు మెత్తగై అతుక్కున్నది. దిగుమంటె కాలు వచ్చింది, చెప్పు రాలేదు. గందుకని బేగంబజార్ పోయి మందం రబ్బరు పట్ట కోసం తిరిగినం. విడిగ కోసి ఇచ్చేటోడు దొరకలేదు. గుమ్మం ముందట ఏసే పట్ట ఒకటి అత్తమ్మకు నచ్చింది. దాని మీద పెద్ద అక్షరాల 'సుస్వాగతం' అని ఉన్నది. నడుమకు కోసి రెండు పలకల మీద అతికిచ్చినం. ఎడమ కాలు కింద 'సుస్వా', కుడి కాలు కింద 'గతం'.

చలికాలం ఒక శనివారం తెల్లారంగనే శ్రీశైలం బయలెల్లినం. సంచి ఈసారి పక్కకు కట్టింది, చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. కడ్తాల్ కాడ ఒకసారి, డిండి కాడ ఒకసారి ఆగినం. ఆగిన ప్రతిసారి ఆమె దిగి, బండి చుట్టూ తిరిగి, కాళ్ళు నేలకు దబదబ కొట్టి, మల్ల ఎక్కింది. మన్ననూర్ చెక్‌పోస్ట్ కాడ చాయ్ హోటల్ ముందట పెద్ద పెద్ద బండ్ల పిల్లలు ఒక గుంపు ఉన్నరు. ఒంటి నిండ తోలు జాకెట్లు, మోకాళ్ళకు డిప్పలు. అందరు మోకాళ్ళు పట్టుకోని కుంటుతున్నరు. అత్తమ్మ జరీ డ్రెస్సుల పిట్ట లెక్క దిగి, చాయ్ చెప్పింది.

ఒక పిల్లగాడు బండి కాడికి వచ్చి వంగి చూసిండు. "ఆంటీ, ఇక్కడ గతం అని రాసున్నదేంది?"

"అటు దిక్కుది గూడ చదువు బిడ్డా" అన్నది.

వాడు అటు పోయి, ఇటొచ్చి, గప్పుడు నవ్విండు. ఆ తర్వాత గుంపంత వచ్చింది. అత్తమ్మ వాళ్ళకు మోకాలు ఎంత వంగాలె, పాదం ఎక్కడ ఆనాలె అన్నీ చాయ్ గిలాసతోని చూపించింది. ఎవరు చేసిండ్రని అడిగితె నా దిక్కు వేలు చూపెట్టింది. రాకెట్ల మాట వచ్చేలోపు నేను బండి స్టార్ట్ చేసిన.

ఘాట్ల గాలి సల్లగ కొట్టింది. ఆమెకు వాంతి రాలేదు, తిమ్మిరి రాలేదు. మలుపు మలుపుకు లోయను చూసుకుంట, మామ పేరు తలుచుకుంట వచ్చింది. గుడి కాడ దిగి నిటారుగ నిలబడ్డది. లైను మాత్రం బారెడు ఉన్నది. అత్తమ్మ ఆ లైనును చూసి, నా చెవిల, "జర కూలబడాల్నా బిడ్డా?" అని అడిగింది. వద్దన్న. మొక్కు తీరేసరికి పొద్దు మాపయింది. అక్కడనే సత్రంల పండి, తెల్లారి ఇంటి మొహం పట్టినం.

ఇంటి ముందట బండి ఆపి దిగబోతె నా ఎడమ మోకాలు పట్టేసింది. ఇన్ని దినాలు అందరం ఎనుక కాళ్ళ సంగతే చూసినం. ముందట కాళ్ళు గూడ ఉన్నయని ఎవరికి యాదికి లేదు. నా భార్య, అత్తమ్మ చెరో దిక్కు పట్టుకోని లోపలికి తీస్కపోయిండ్రు. రెండు రోజులైనంక అత్తమ్మ, సర్వీసింగ్ అని నా భార్య చేత నాకు చెప్పిచ్చి, భాయ్‌ని పిలిపిచ్చి బండిని ఇచ్చి పంపింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ముందు లెగ్‌గార్డుకు రెండు కొత్త కడ్డీలు ఉన్నయి. హైవే మీద కాళ్ళు చాపుకోని పెట్టుకునేటియి.

"నీకు చెప్పకుండ చేపిచ్చిన" అన్నది అత్తమ్మ. "తీగ మీద ఆరేసిన నీ ప్యాంటు తీస్కపోయి కొలతిచ్చిన."

ఆ ప్యాంటు నేను రెండు మడతలేసి తొడుగుత. కింద కుట్టియ్యమని నా భార్యకు ఎప్పటి నుంచో చెప్తున్న. కడ్డీలు మడతలిప్పిన పొడుగుకే ఉన్నయి. ఎంత చాపినా నా బొటనేళ్ళ కొనలే తగులుతయి. కాళ్ళ పిక్కలు గుంజి, ఇంకో కొత్త నొప్పి మొదలయింది.

ఇప్పుడు నెలకోసారైనా ఎటో ఒక దిక్కు పోతం. ఊరు దాటంగనే అత్తమ్మ ఎనుక నుంచి నా భుజం తట్టి, "కాళ్ళు చాపు బిడ్డా, ఆరాంగున్నదా?" అని అడుగుతది.

నేను బొటనేళ్ళు కడ్డీలకు ఆనిచ్చి, పండ్లు బిగబట్టి, "మస్తు ఆరాంగున్నది అత్తమ్మా" అంట.