పెద్దమ్మ హోటలు వెనక మూడో బోరు

రెండు వారాలుగా ఆదివారం వచ్చిందంటే చాలు, మా నాలుగేళ్ళవాడు తనంతట తనే చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడుతున్నాడు. మా వీధి చివర, కళ్యాణదుర్గం రోడ్డు మలుపులో కొత్తగా ఒక హోటలు తెరిచారు. కొబ్బరాకుల పందిళ్ళు, చెట్లకు చుట్టిన రంగు దీపాలు, పొద్దున ఉగ్గాని బజ్జీ, సాయంత్రం సంగటి, నాటుకోడి పులుసు. వెనక పిల్లల కోసం ఉయ్యాలలు, జారుడుబల్ల, పాదాలు మునిగేంత ఇసుక. కాలనీలో అందరూ వెళ్ళొచ్చారు. మా ఆయన ఫోనులో ఫోటోలు చూపించి, నడిచిపోయే దూరంలో ఇంత మంచి చోటు పెట్టుకుని పోకపోవడం ఏమిటని అడిగారు. ఒక వారం నాకు తలనొప్పి అన్నాను, ఇంకో వారం వాడికి జలుబు చేస్తుందన్నాను. ఆ ఇసుక కింద ఉన్న నేల నాకు తెలుసునని మాత్రం చెప్పలేకపోయాను. చెబితే ఎలా తెలుసని అడుగుతారు. అప్పుడు ఇరవై మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పవలసి వస్తుంది.

మన ఈడువాళ్ళలో అనంతపురం అంచున పెరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కాలనీ అంటే అక్కడొక ఇల్లు ఇక్కడొక ఇల్లు, మధ్యలో వేరుశనగ చేలు, వాన పడని ఏడు ఒట్టి ఎర్రమన్ను. తినడానికి, చూడడానికి ఉన్న చోట్లను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బడి గేటు దగ్గర బొరుగుల మసాలా బండి ఒకటి, బస్సులు ఆగే చోట చెరకు రసం మిషను ఒకటి, ఆ మిషనుకు కట్టిన గజ్జెలు మోగితే మా ఇంటిదాకా వినపడేవి. ఇక ఆదివారం వస్తే గుట్ట. నాయన నన్ను పొద్దున్నే గుట్ట ఎక్కించేవారు. పైన ఏనుగంత రాతిగుండు ఒకటి ఉండేది, దాని నీడలో కూర్చుంటే ఇటు టౌను, అటు రైలుకట్ట, ఆ వెనక ఎండిన చెరువు కనిపించేవి. దిగేటప్పటికి నా కాళ్ళు లాగేవి, ఆకలి దంచేది, అప్పుడు తిన్నగా పెద్దమ్మ హోటలుకు వెళ్ళేవాళ్ళం.

పెద్దమ్మ అంటే మా నాయనకు వదిన. రేకుల కొట్టం, రెండు బల్లలు, బయట ఒక వేపచెట్టు, అదే హోటలు. ఉగ్గానికి బొరుగులు నీళ్ళలో ముంచి రెండు చేతులతో పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేగిన బాణలిలో వేసి, పైన పప్పులపొడి చల్లి కలిపేది. ఆ పక్కనే నూనెలో మిరపకాయ బజ్జీలు తేలుతుండేవి. టౌనులో పేరున్న హోటళ్ళన్నిటిలోనూ తిన్నాను గానీ, నిమ్మకాయ ఎప్పుడు పిండాలో పెద్దమ్మకు తెలిసినట్లు ఇంకెవరికీ తెలియదనిపిస్తుంది. ఇద్దరే ఇద్దరు నడిపే హోటలు కాబట్టి పెద్దనాయన నీళ్ళు మోసేవాడు, పెద్దమ్మ వండేది, ఆదివారాలు నేను ఆకులు పరిచేదాన్ని.

నీళ్ళే వాళ్ళ బాధ. ట్యాంకరు ఒక రోజు వస్తే మూడు రోజులు రాదు. పెద్దనాయన హోటలు వెనక చేనులో బోరు వేయించాలని పట్టుబట్టాడు. నీళ్ళు ఎక్కడ పడతాయో చూసి చెప్పే ఒకాయనను తనకల్లు వైపు నుంచి పిలిపించారు. ఆయన అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని, చెప్పులు విప్పి చేనంతా తిరిగాడు. టెంకాయ లేచి నిలబడిన చోట సున్నంతో గీత గీశారు, కోడిని కోశారు, మరునాడు బోరు లారీ వచ్చింది. నీళ్ళు రాలేదు, బూడిదలాంటి దుమ్ము లేచి ఇళ్ళన్నిటి మీదా పరుచుకుంది. ఆ ఏడాదే రెండోది వేశారు, తరువాతి ఏడు మూడోది. ఒకదానిలోనూ తడి తగల్లేదు.

ఇక్కడే మా వైపు అందరూ చేసే పని ఒకటి చెప్పాలి. నీళ్ళు పడని బోరులో దించిన కేసింగ్ పైపును ఎవరూ వదిలిపెట్టరు, తరువాతి బోరుకు పనికొస్తుందని పీకేస్తారు. పైపు పోయాక పైమన్ను రాలి గుంత నోరు ఇంకా వెడల్పవుతుంది. దాని మీద ఒక బండ కప్పి, ఆ సంగతి మరిచిపోతారు. పెద్దనాయన కూడా అదే చేశాడు. మూడు గుంతల మీద మూడు కడపబండలు. పెద్దమ్మ మాత్రం నన్ను వెంటపెట్టుకుని, చేయి పట్టుకుని మూడింటి దగ్గరికీ నడిపించి, ఈడ అడుగు పెట్టొద్దు, ఈడ పెట్టొద్దు, ఈడ పెట్టొద్దు అని చూపించింది. మూడోదానికి గుర్తు కూడా చెప్పింది. పొయ్యి మూల నుంచి గుట్ట మీది గుండును ఎదురుగా చూసుకుంటూ నలభై అడుగులు.

పెట్టొద్దన్న చోటికే పోయే వయసు అది. బండను రెండు చేతులతో కొంచెం జరిపి, బోర్లా పడుకుని, గుంతలో నోరు పెట్టి నా పేరు నేనే పిలిచేదాన్ని. పేరు కిందికి పోయి పోయి, చాలాసేపటికి ఎవరో ముసలివాళ్ళు పలికినట్లు తిరిగి వచ్చేది. భయం వేసేది, మళ్ళీ పిలవాలనిపించేది. ఆ ఆదివారం మూడోదాని దగ్గర అలాగే పడుకుని ఉండగా పెద్దమ్మ ఆకులు వేయమని కేక వేసింది. లేచి పరుగెత్తాను. బండ మాట గుర్తులేదు.

మధ్యాహ్నం ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు మేకలు కాసే తాత మందను వేపచెట్టు నీడకు తోలుకొచ్చాడు. కాసేపటికి ఒక తల్లిమేక నీడలోకి రాకుండా చేను మధ్యలోనే నిలబడి అరవడం మొదలుపెట్టింది. దానికి బదులుగా ఇంకో అరుపు వినిపించింది, నేలలోంచి. పుట్టి నాలుగు రోజులైనా కాని మేకపిల్ల.

తింటున్నవాళ్ళు చేతిలో ఆకులతోనే వచ్చి నిలబడ్డారు. తాడుకు ఉచ్చు వేసి దించారు, బావిలో బిందెలు తీసే గాలం దించారు, ఎవరో టార్చిలైటు తెచ్చారు. వెలుతురు ఎంతవరకు పోయిందో అంతవరకు ఏమీ కనపడలేదు. అరుపు మాత్రం సన్నగా, ఆగి ఆగి వస్తూనే ఉంది. కొందరు తిరిగి వెళ్ళి తినడం పూర్తిచేశారు. వాళ్ళను తప్పుపట్టలేను, వాళ్ళు మాత్రం ఏం చేయగలరు? కానీ ఆకు మీద చేయి ఆడుతున్న చప్పుడు, నేలలోంచి ఆ అరుపు, రెండూ ఒకేసారి విన్న చెవులు నావి. పొద్దు వాలక ముందే అది ఆగిపోయింది. తల్లిమేక మాత్రం కదల్లేదు.

అప్పుడు పెద్దనాయన బండ ఎవరు తీశారని అడిగాడు. నేను వేపచెట్టు మానును పట్టుకుని నిలబడి ఉన్నాను. పెద్దమ్మ నా వైపు ఒకసారి చూసి, దగ్గరికి వచ్చి, కొంగుతో నా గౌను ముందువైపు దులిపింది. తరువాత వెనక్కి తిరిగి చెప్పింది.

“గుడ్డలుతకను నేనే తీసినా. మళ్ళా కప్పేది మర్చిపోయినా.”

పెద్దనాయన అందరి ముందూ ఆమెను నానా మాటలూ అన్నాడు. మేక ఖరీదు ఇస్తానంటే తాత తీసుకోలేదు. తల్లిమేక మెడలో తాడు వేసి లాక్కుపోతూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

“మేకపిల్ల గనక సరిపాయె కదప్పా. మనిషి పిల్ల అయ్యింటే?”

మరునాడు గుంతను పూడ్చారు. ఎలాగంటే, ముందు కంపచెట్ల కొమ్మలు కుక్కి, వాటి మీద చినిగిన గోనెసంచులు వేసి, పైన మన్ను పోసి కాళ్ళతో తొక్కారు. అంత లోతును నింపడానికి మన్ను ఎవరు తోలుతారు? వానాకాలం వచ్చేసరికి ఆ చోటు జానెడు లోతు దిగింది. పెద్దనాయన ఇంకో గంప పోశాడు. ప్రతి వానకూ దిగేది, ప్రతిసారీ గంప మన్ను పోసేవాడు. తరువాత నాలుగో బోరులో నీళ్ళు పడ్డాయి, కొన్నేళ్ళు హోటలు బాగా నడిచింది, ఆపైన అదీ ఎండిపోతే పైపు పీకకుండా మూత బిగించారు. పెద్దనాయన పోయాడు. స్థలం అమ్మి పెద్దమ్మ తన కూతురి దగ్గరికి సోమందేపల్లెకు వెళ్ళిపోయింది. నేను చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, మా ఆయన కొన్న ఇంటిస్థలం ఇదే కాలనీలో వచ్చింది.

ఈ నెలలో వరుసగా మూడు రోజులు వాన పడింది. ఊరంతా సంతోషపడింది, నాకు కంటి మీద కునుకు లేదు. చివరికి పెద్దమ్మకు ఫోను చేసి, వాళ్ళ పాత చేనులో కొత్త హోటలు పెట్టారని, అక్కడ ఇసుకలో పిల్లలు ఆడుకుంటున్నారని చెప్పాను. సరే అని పెట్టేసింది. మరునాడు పొద్దున తొమ్మిదింటికి చేతిసంచితో మా గేటు దగ్గర ఉంది. మొదటి బస్సుకు బయలుదేరిందట.

పిల్లవాణ్ణి వదిలిపెట్టడానికి ఇంట్లో ఎవరూ లేక వెంట తీసుకునే ఆ హోటలుకు వెళ్ళాము. హోటలు నడిపే అతను నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడే. పాత బోరు గుంతల సంగతి విని నవ్వాడు.

“ఈ జిల్లాలో ఎండిపోయిన బోరు లేని చేను యాడుండాది చెప్పక్కా? అట్లయితే ఎవురూ ఇండ్లే కట్టుకోకూడదు.”

పెద్దమ్మ అతని మాట వినిపించుకోలేదు. పాత పొయ్యి మూల ఎక్కడై ఉంటుందో అంచనా వేసుకుని నిలబడి, గుట్ట వైపు తిరిగింది. గుట్ట సగం లేదు. కంకర కోసం కొట్టి తీసుకుపోగా మిగిలిన సగం కోసిన బూడిద గుమ్మడికాయలా తెల్లగా నిలబడి ఉంది. గుండు ఎప్పుడు పోయిందో, దాని కిందే కాపురముంటున్న నాకే తెలియదు. పెద్దమ్మ అటు కొంచెం, ఇటు కొంచెం తిరిగింది. ఆమె కాళ్ళు నడవవలసిన దారి మరిచిపోవడం నేను అదే మొదటిసారి చూడడం.

“గుండు ఏదే పాపా?” అని నన్ను అడిగింది.

నేను జవాబు చెప్పబోతుండగా హోటలతను మమ్మల్ని ఊరడించడానికన్నట్లు, ఇక్కడ అంతా గట్టి నేలేనని, ఇసుక కూడా నది నుంచి తెప్పించానని చెబుతూ, ఒక్క ఆ జారుడుబల్ల అవతలి మూలలోనే ఏమిటో అర్థం కావడం లేదన్నాడు.

“ఆ మూల మాత్రం ఇసుక నిలవదక్కా. పిల్లోల్లు జోబుల్లో నింపుకోని పోతాండారేమో. వారానికి రెండు గంపలు పోస్తానే ఉండాం.”

అతను చేయి చూపిన మూలలో మావాడు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు నా వేలు వదిలి వెళ్ళాడో. కాగితం గ్లాసుతో ఇసుక తోడి పక్కన పోస్తున్నాడు. పరుగెత్తబోయి ఆగిపోయాను. నా బరువుకు ఆ నేల ఏమవుతుందోనని అడుగు పడలేదు. కేక వేద్దామంటే వాడు ఆట అనుకుని ఇంకా అవతలికి పోయే రకం.

పెద్దమ్మ, ఇంట్లో వంటగది గడపలో నిలబడినట్లు తాపీగా, మామూలు గొంతుతో అంది.

“నాయినా, వేడి బజ్జీ తింటావా? రా, సల్లారిపోతాది.”

వాడు గ్లాసు పడేసి, చేతులు దులుపుకుని, నడిచి వచ్చాడు. నేను వాణ్ణి ఎత్తుకున్నాను. మేకపిల్ల సంగతి, కంప, గోనెసంచులు, బండ జరిపింది నేనేనన్న సంగతి, హోటలు అతనికీ, తింటున్నవాళ్ళకూ, అందరికీ వినపడేలా చెప్పేశాను. పెద్దమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు.

“తెలుసు లేమ్మే. నీ గౌను నిండా మన్నుండె.”

అతను ఇక నవ్వలేదు. ఉయ్యాలల మీద ఉన్న పిల్లలిద్దరినీ దింపి పంపి, జారుడుబల్ల మెట్టు మీద నిలబడి ఆ మూలలో గడ్డపారతో పొడిచాడు. రెండు పోట్లకు గట్టిగానే తగిలింది. మూడో పోటుకు గడ్డపార అతని చేతుల్లోంచి జారి, మొత్తంగా ఇసుకలోకి దిగిపోయింది. మేము వింటూ నిలబడ్డాము. అది ఎక్కడా తగిలిన చప్పుడు రాలేదు.

ఆ సాయంత్రానికే వెనకవైపు కంచె వేశారు. పూడ్చే పని సరిగ్గా చేయిస్తానని అతను మాట ఇచ్చాడు, చేయిస్తున్నాడు కూడా, కంకర లారీలు వస్తున్నాయి. మిగతా రెండింటిలో ఒకటి పార్కింగు సిమెంటు కింద ఉందని తేలింది. ఇంకొకటి దొరకలేదు. పిల్లల ఆటస్థలం మూయించానని కాలనీ ఆడవాళ్ళలో కొందరు నాతో ముభావంగా ఉన్నారు. మావాడు కూడా అలిగాడు.

ఆ సాయంత్రమే పెద్దమ్మను బస్సు ఎక్కించడానికి హోటలు దగ్గర నుంచి నడిచి వెళుతూ, ఈ కాలనీలో అప్పట్లో ఇంకెవరెవరు బోర్లు వేశారని అడిగాను. ఆమె నడుస్తూనే చెప్పుకుంటూ పోయింది. కుంటి తాత చేనులో రెండు, టీచరమ్మ మామగారివి మూడు, చింతచెట్టు కింద ఒకటి. ఆ తాత లేడు, ఆ మామగారు లేరు, చింతచెట్టు ఉన్న చోట మూడంతస్తుల ఇల్లు ఉంది. చెబుతూ చెబుతూ మా ఇల్లు కనపడగానే ఆగి, కళ్ళు చికిలించి మా గేటు వైపు చూసింది.

“మీ ఇంటి తట్టు గూడా ఒకటుండె పాపా. ఎవురు ఏసిరో గురుతు రాలేదు.”

బస్సులో కూర్చున్నాక కూడా ఆలోచిస్తూనే ఉంది. కిటికీలోంచి తల అడ్డంగా ఊపింది.

అప్పుడు మాకు తినడానికి ఒక్క హోటలు, చూడడానికి ఒక్క గుట్ట. అయినా చెప్పులు లేకుండా చేలన్నీ తిరిగాము, ఎందుకంటే ఎక్కడ అడుగు పెట్టకూడదో చేయి పట్టుకుని చూపించేవాళ్ళు ఇంటికొకరు ఉండేవాళ్ళు. ఇప్పుడు మా వీధిలోనే అయిదు హోటళ్ళు, రెండు పార్కులు, అడుగడుగునా సిమెంటు. రేపు పొద్దున మావాడు లేచి, ఎప్పటిలాగే ఇంటి వెనక పెరట్లోకి పరుగెత్తుతాడు. వాడి చేయి పట్టుకుని నడిపించడానికి నేనున్నాను. ఎక్కడ ఆపాలో మాత్రం నాకు తెలియదు.