జవాబులు కలిసిన కుటుంబం

మా అమ్మాయి చదివిన కాలేజీ గురించి ఇక్కడ సింగపూర్‌లో సెంబవాంగ్ నుంచి టోవా పాయో దాకా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక కథ తిరుగుతోంది. సమావేశం అని పిలిచి, తండ్రిని ఒక గదిలోనూ కూతుర్ని ఇంకో గదిలోనూ కూర్చోబెట్టి, దొంగల్ని విచారించినట్టు విచారించి, చివరికి ఆ పిల్ల చేత ఫిజిక్స్ మాన్పించారని ఆ కథ. అది విని రెండు మూడు కుటుంబాలు ఆ సమావేశానికి వెళ్ళడమే మానేశాయి.

ఆ కథ అబద్ధం. నాకెలా తెలుసంటారా, దాన్ని పుట్టించింది నేనే. ఆ తండ్రిని కూడా నేనే. అసలు జరిగిన ఘోరం ఇంతకంటే పెద్దది, చేసింది కాలేజీ కాదు. ఇన్నాళ్ళకైనా ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. మధ్యలో ఎక్కడైనా నా మీద జాలి కలిగితే కాసేపు ఆగి మళ్ళీ చదవండి, పోతుంది.

ఇక్కడ పదోతరగతి లాంటిది అయ్యాక జేసీ అని రెండేళ్ళ చదువుంటుంది. మన ఇంటర్ లాంటిది. లాంటిది అన్నానే గానీ, మన ఇంటర్‌లో గైడు ఉండేది, గైడులో జవాబు ఉండేది, జవాబు కింద గీత ఉండేది. ఇక్కడ మీ అభిప్రాయం ఏమిటని అడుగుతారు. పదహారేళ్ళ పిల్లకి అభిప్రాయమేమిటని నా అభిప్రాయం.

హాసిని జేసీలో చేరిన మూడో వారంలో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. రాబోయే రెండేళ్ళ చదువుకి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ సిద్ధం చేస్తారట. బుధవారం సాయంత్రం అమ్మో నాన్నో ఒకరు పిల్లతో రావాలి. ఇద్దరూ పిల్ల గురించిన ఒకే ప్రశ్నాపత్రానికి, వేర్వేరు గదుల్లో, జవాబులు రాయాలి.

వేర్వేరు గదుల్లో. ఆ మాట దగ్గర నా కళ్ళు రైలు తలుపుల్లా మూసుకుపోయి మళ్ళీ తెరుచుకున్నాయి.

నాకు అనుభవం ఉంది మరి. పెళ్ళయిన కొత్తలో ఒక దేశం వీసాకని వెళితే నన్నూ మా ఆవిడ శైలజనూ రెండు కిటికీల దగ్గర నిలబెట్టి, మీ పెళ్ళికి ఎంతమంది వచ్చారని అడిగారు. నేను ఎనిమిది వందలన్నాను. శైలజ పన్నెండు వందలంది. నేను భోజనాలు లెక్కేశాను, ఆవిడ మనుషుల్ని లెక్కేసింది. తెల్లాయన చిరునవ్వుతో పాస్‌పోర్టులు వెనక్కిచ్చాడు. ఆ నాలుగు వందల మంది వల్ల మేం సింగపూర్ వచ్చాం. అప్పట్నుంచీ ఒకే ప్రశ్న ఇద్దర్ని అడిగారంటే నాకు ఒళ్ళంతా చెవులవుతాయి.

సలహా కోసం ప్రసాద్ గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన టోవా పాయోలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నారు. మాట్లాడితే తెలుగు, తమిళం, మలయ్ మూడూ ఒకే కప్పులో పోసినట్టుంటుంది. తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకోసం సీటు చోప్ చేసి, అంటే ఆపి ఉంచి, కూర్చున్నారు.

"ఒకే కాగితం ఇద్దరికీ ఎందుకిస్తారంటారు ప్రసాద్ గారూ?"

"పోల్చడానికి."

"పోల్చి?"

"ఫైల్లో పెడతారు."

"ఫైల్లో పెట్టి?"

"అది మనకి చెబితే ఇంక ఫైలెందుకయ్యా. ముందు మకాన్ చెయ్యి, ఆరిపోతోంది."

నాకు తిండి ఎక్కడ దిగుతుంది. ఆయన జాలిపడి, తన పక్క బ్లాకులో ఉండే తమిళావిడ దగ్గర పోయినేటి ప్రశ్నాపత్రం ఫోటో ఉందని, తెప్పించి నా ఫోనుకి పంపారు. అందులో ఐదే ప్రశ్నలు. పోయినేటి పేపరు చేతికొచ్చిన తెలుగువాడు ఏం చేస్తాడో మీకు నేను చెప్పాలా? ఆ రాత్రికల్లా కీ తయారుచేశాను.

ఇక్కడ ఒక సంగతి మీకు ముందే చెప్పేస్తాను. అప్పుడది నాకు తెలియదు. హాసినికి ఫిజిక్స్ మానేసి జాగ్రఫీ తీసుకోవాలని ఉంది. ఫిజిక్స్ నేను ఎంచి పెట్టిన సబ్జెక్టు. మార్చుకోవడానికి తల్లిదండ్రుల సంతకం కావాలి. గడువు ఆ వారం శుక్రవారం. నా మొహం చూస్తూ చెప్పలేక, బుధవారం ఆ కాగితం మీద రాస్తే నాన్నకి ఎలాగో తెలుస్తుందని ఆ పిల్ల రోజులు లెక్కపెట్టుకుంటోంది. శైలజకి తెలుసు. "నీ సంగతి నువ్వే చెప్పుకోవాలమ్మా" అని ఊరుకుందట.

నేనేమో కీ పట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను.

"మొదటి ప్రశ్న. రోజుకి ఎన్ని గంటలు నిద్రపోతావు?"

"ఐదున్నర."

"ఏడున్నర. రాసుకో."

"ఏడున్నర ఎవరు పడుకుంటారు నాన్నా?"

"ఫైల్లో ఉన్నవాళ్ళంతా పడుకుంటారు. రెండు. ఖాళీ టైములో ఏం చేస్తావు?"

"ఫ్రెండ్స్‌తో చాట్ చేస్తా."

"నాన్నతో కలిసి నడకకి వెళతావు."

"ఎప్పుడెళ్ళాం?"

"నిన్న లిఫ్టు దాకా కలిసి రాలేదూ? మూడు. పాఠం అర్థం కాకపోతే ఏం చేస్తావు? వెంటనే టీచర్ని అడుగుతావు. నాలుగు. ఈ సబ్జెక్టులు ఎవరు ఎంచుకున్నారు?"

హాసిని పెన్ను మూత తీసింది, పెట్టింది. మళ్ళీ తీసింది.

"నేనే ఎంచుకున్నాను అని రాయి. ఐదు. ఏ సబ్జెక్టంటే దిగులు?"

"నాన్నా, అదీ..."

"ఏదీ లేదు. అన్నీ ఇష్టమే. ఇంతే కదా, దీనికి నీళ్ళు నములుతావేంటి?"

"ఇది ఎగ్జామ్ కాదు లా." ఇక్కడి పిల్లలు మాట చివర ఓ లా తగిలిస్తారు.

"ఎగ్జామ్ కాదని చెప్పి పెట్టేదే అసలు ఎగ్జామ్ తల్లీ."

ప్రతి సాయంత్రం ఇదే తంతు. ప్రతిసారీ నాలుగూ ఐదూ ప్రశ్నల దగ్గర పిల్ల ఆగిపోయేది. జ్ఞాపకశక్తి తగ్గిందని బాదంపప్పులు నానబెట్టించాను. వంటింట్లో తల్లీకూతుళ్ళు ఏదో గుసగుసలాడుకుని నేను రాగానే ఆపేసేవారు. నా అనుమానం అటు తిరిగింది. ఇద్దరూ కలిసి మొదటి ప్రశ్నకి ఐదున్నరే రాద్దామని కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్మాను.

"ఏవండీ, ఒకసారి ఆ పిల్లని పూర్తిగా మాట్లాడనివ్వండి" అంది శైలజ.

"బుధవారం అయ్యాక ఎంతైనా మాట్లాడమను. ఇప్పుడు కొత్తగా ఏమన్నా బుర్రలోకి వెళితే పాతవి బయటికి పోతాయి."

బుధవారం సైన్స్ పార్కులో ఆఫీసు నుంచి గంట ముందే బయల్దేరాను. కాలేజీ గేటు దగ్గర హాసిని చెయ్యి పట్టుకుని చివరిసారి అడిగాను.

"ఐదు?"

"ఏదీ లేదు. అన్నీ ఇష్టమే." గొంతులో ప్రాణం లేదు. నాకు మాత్రం తేనెలా వినిపించింది.

తల్లిదండ్రుల గదిలో నలభై మందిమి. గోడ మీద గడియారం కాస్త లావుగా ఉంది, లోపల కెమెరా ఉందని గ్రహించి దానివైపు మర్యాదగా చూశాను. ప్రశ్నలు అచ్చం పోయినేటివే. పక్కనున్న చైనీస్ పెద్దమనిషి ఒకటో ప్రశ్న దగ్గరే తల పట్టుకుని, నా వైపు వంగి మెల్లగా ఇంగ్లీషులో అడిగాడు.

"మీ అమ్మాయి ఎన్నింటికి పడుకుంటుందో మీకు తెలుసా? నాకు తెలియదని ఇప్పుడే తెలిసింది."

కాలేజీ వాళ్ళు కూర్చోబెట్టిన మనిషి అనుకున్నాను. కాగితానికి అరచెయ్యి అడ్డం పెట్టి, "తెలుసు" అని మాత్రం అన్నాను. నాలుగు నిమిషాల్లో రాసేసి చేతులు కట్టుకుని కూర్చున్నాను. మిగతావాళ్ళు కొట్టేస్తూ, రాస్తూ, నిట్టూరుస్తూ అరగంట పెనుగులాడారు. సిద్ధం కాకుండా వస్తే అంతే మరి.

తర్వాత అందర్నీ పెద్ద హాల్లోకి తీసుకెళ్ళి పిల్లలతో జంటలుగా కూర్చోబెట్టారు. హాసిని క్లాస్ టీచర్ మిస్ టే మైకు దగ్గర నిలబడి అంది. "ఈ కాగితాలు మేము తీసుకోం, చూడం. మీవి పిల్లలకివ్వండి, వాళ్ళవి మీరు తీసుకోండి. తేడాలు కనిపిస్తాయి. ఆ తేడాల గురించి మాట్లాడుకోవడానికే పిలిచాం. అరగంట మీదే."

నేను నమ్మలేదు. చూడం అని చెప్పి చూడటం కొత్తేమీ కాదు.

హాలంతా ఒక్కసారిగా చేపల మార్కెట్ అయింది. ఒకమ్మ "రెండింటి దాకా మేలుకుంటున్నావా" అని కొడుకు చెవి పట్టుకుంది. నా పక్కన కూర్చున్న చైనీస్ పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కొడుకు కాగితాన్ని రెండోసారి చదువుతున్నాడు. కొడుకు ఆయన భుజం తడుతున్నాడు. మా టేబుల్ దగ్గర మాత్రం శ్మశాన నిశ్శబ్దం. ఏడున్నర, ఏడున్నర. నడక, నడక. కామాతో సహా కలిశాయి. ఆ వీసా ఆయన ఆ క్షణాన నా ఎదురుగా ఉంటే బాగుండుననిపించింది.

మిస్ టే మా దగ్గరకొచ్చింది. "మీరు మాట్లాడుకోవడం లేదే?"

"మాట్లాడుకోవడానికి ఏమీ లేదు మేడమ్. అన్నీ కలిశాయి. మీరే చూడండి."

చూడనన్న మనిషి చేతిలో బలవంతాన రెండు కాగితాలూ పెట్టింది నేనే, గమనించండి. ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది.

"ఇన్నేళ్ళలో ఇలా కలవడం ఎప్పుడూ చూడలేదు" అంది.

"థ్యాంక్యూ మేడమ్."

ఆవిడ హాసిని వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "ఇవి నీ జవాబులేనా?"

"మా అమ్మాయివే" అన్నాను నేను. "కావాలంటే ఇంకో ప్రశ్న అడగండి. అదీ కలుస్తుంది."

నన్ను ఎవరూ అడగలేదు. నా గోతికి గడ్డపార నేనే తెచ్చి, తవ్వమని ఆవిడ చేతికిచ్చాను. మిస్ టే మా ఇద్దరికీ చెరో తెల్ల కాగితం ఇచ్చింది. "హాసిని మీతో చెప్పడానికి కష్టపడుతున్న విషయం ఏమిటి? ఇద్దరూ రాయండి. ఇది నాకు చూపించొద్దు" అని పక్క టేబుల్‌కి వెళ్ళిపోయింది.

కీలో లేని ప్రశ్న. అయినా భయమెందుకు? ఐదో జవాబు నమూనాలోనే రాశాను. ఏదీ లేదు, మా అమ్మాయి నా దగ్గర ఏదీ దాచదు. హాసిని మాత్రం తల వంచుకుని చాలాసేపు రాసింది. కాగితాలు మార్చుకున్నాం.

"నాకు ఫిజిక్స్ వద్దు. జాగ్రఫీ కావాలి. సంతకానికి శుక్రవారం ఆఖరు. నాన్నంటే నాకు భయం లేదు. నేను అడిగేలోపే నాన్న జవాబు చెప్పేస్తాడు."

మంచి తండ్రి ఎవరైనా అక్కడ కూతుర్ని దగ్గరకు తీసుకుంటాడు. నేను టీచర్ని పట్టుకున్నాను. "ఇది మీరు రాయించారా మేడమ్?" అన్నాను. హాలు సగం మా వైపు తిరిగింది. హాసిని లేచి బయటికి నడిచింది. రైల్లో సెంబవాంగ్ దాకా నాకు ఎదురుగా కాకుండా మూడు సీట్ల అవతల కూర్చుంది.

మర్నాడు ప్రసాద్ గారు ఫోన్ చేసి ఏమైందన్నారు. విచారణ, వేర్వేరు గదులు, కెమెరా గడియారం, పిల్ల మనసు విరిచేయడం అన్నీ వరసగా నా నోట్లోంచే వచ్చాయి. మీరు విన్న కథ పుట్టింది ఆ గురువారం పొద్దున, పది గంటల ప్రాంతంలో.

శుక్రవారం నేను బూట్లు వేసుకుంటుంటే శైలజ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆ వీసా ఆయనే నయమండీ. ఆయన అడిగాక మనం చెప్పేదాకా ఆగాడు."

అంతే అంది. లేసు ముడి పడలేదు నాకు.

సాయంత్రం ఐదింటికి కాలేజీ ఆఫీసు కౌంటర్ మూస్తారు. నాలుగున్నరకి చేరేసరికి హాసిని వరుసలో ముందే నిలబడి ఉంది. నన్ను చూసి ఫారం ఇచ్చింది. సంతకం గీకేశాను. దాని పైన ఇంకో గడి ఉంది. మార్పుకి కారణం, తల్లి లేదా తండ్రి మాటల్లో.

పెన్ను అక్కడే ఆగిపోయింది. కారణం ఏమిటి? నా దగ్గర లేదు.

"హాసూ, ఇక్కడేం రాయాలి?"

"అది నీ కొశ్చన్ నాన్నా."

చివరికి, కారణం మా అమ్మాయికి తెలుసు, నేను ఇంకా అడగలేదు, అని రాసి ఇచ్చాను. కౌంటర్లో అమ్మాయి చదివి, తల ఎత్తి నన్నూ హాసినినీ మార్చి మార్చి చూసి కాగితం వెనక్కి తోసింది.

"అంకుల్, ముందు అడిగి తర్వాత రాయండి లా. అలా పక్కకి వెళ్ళి మాట్లాడుకోండి. ఇంకా పాతిక నిమిషాలుంది."

మెట్ల మీద కూర్చుని అడిగాను. హాసిని చెప్పింది. సముద్రాన్ని పూడ్చి కట్టిన నేల గురించి, వాన పడితే ఏ కాలవ ఎటు పొంగుతుందో, మా ఇల్లున్న చోట ఇదివరకు ఏముండేదో. మధ్యలో ఎనిమిదిసార్లు నాకు జవాబు వచ్చింది, ఎనిమిదిసార్లూ తుమ్ము ఆపుకున్నట్టు ఆపుకున్నాను. ఐదింటికి మూడు నిమిషాల ముందు ఫారం లోపలికి వెళ్ళింది. ఈసారి గడి సరిపోక పక్కనున్న ఖాళీలో కూడా రాశాను.

హాసిని ఇప్పుడు యూనివర్సిటీలో జాగ్రఫీయే చదువుతోంది. మిస్ టేకి క్షమాపణ ఉత్తరం రాశాను. ప్రసాద్ గారికి నిజం చెప్పాను గానీ ఆయనకి మొదటి కథే నచ్చిందట. అందుకే ఇది రాస్తున్నాను. మీ పిల్లల కాలేజీ నుంచి అలాంటి ఉత్తరం వస్తే వెళ్ళండి. వెళ్ళే ముందు ఏమీ చదవకండి.

ఇక ప్రమాణం. నేను ఈ జన్మలో, వీలైతే వచ్చే జన్మలో కూడా, నా కూతుర్ని ఎవరు ఏమడిగినా, ఎంత బాగా తెలిసినా, నోరు తెరవనని, కీ రాయనని, పోయినేటి పేపరు ఎవరు పంపినా చూడకుండా చెరిపేస్తానని సకల గాంభీర్యంతో ప్రమాణం చేస్తున్నాను. కింద సాక్షి సంతకం పెట్టమని హాసినికి ఇచ్చాను. చదవకుండా పెట్టనంది. ఇప్పటికి రెండు చోట్ల కొట్టేసింది.