కండె నిండేదాకా

ఎమ్మిగనూరులో మా ఇంట్లో నా కొడుకు ఊయల తాడు మగ్గం పలకకు కట్టి ఉండేది. మా ఆయన నేస్తూ పలక లాగినప్పుడల్లా ఊయల ఊగేది. ఆ చప్పుడుకే వాడు కన్ను మూసేవాడు. యుద్ధం రోజుల్లో కలరా తగిలి ఆయన రెండు రోజుల్లో పోయాడు. మగ్గం ఆగింది. దాంతో ఏడాది నిండిన బిడ్డ నిద్ర కూడా పోయింది.

ఆదోనిలో పత్తి మిల్లు పనికి రమ్మని కబురు వచ్చింది. సోమవారానికి చేరాలి. అక్కడే ఉండాలి, ఆదివారం ఒక్కరోజు ఇంటికి రావొచ్చు. బిడ్డల్ని లోపలికి రానివ్వరు. వాణ్ణి అత్త దగ్గర వదలక తప్పదు.

"ఆవగింజంత నల్లమందు సిటికెనేలితో నాలిక్కి రాస్తే పొద్దు గూకేదాకా పండుకుంటాడు" అంది అత్త. "మిల్లుకు పోయేటోళ్లంతా సేసేదదే."

మా వీధిలోనే ఒక బిడ్డ అట్లా పడుకుని మళ్లీ లేవలేదు. నా కళ్లతో చూశాను.

"వద్దత్తా. వానంతట వాడు పండుకునేది నేర్పిస్తా."

"నిద్ర నేర్పేదేందే, ఓనమాలా? కన్ను మూసేదానికీ అయ్యవారు గావల్లా?"

ఆరు రోజులే ఉన్నాయి. గడియారం చూడటం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. వీధిలో నేతగాళ్లకు కూలికి రాట్నంతో కండెలకు దారం చుట్టేదాన్ని. మధ్యాహ్నం వాణ్ణి ఊయలలో వేసి, అరుగు మీద రాట్నం ముందు కూర్చుని, ఒక కండె నిండేదాకా లోపలికి పోకూడదని పెట్టుకున్నాను. మర్నాడు రెండు కండెలు. వాడు గొంతు చించుకునేవాడు. ఆ ఏడుపు వినలేక రాట్నం గబగబా తిప్పితే దారం తెగేది. ముడి వేస్తే మళ్లీ తెగేది. పాలు పొంగి కొంగు తడిసిపోయేది.

కండెలు తీసుకున్న నేతాయన తిరిగొచ్చాడు. "ఏందక్కా, దీన్నిండా ముడులే! నేను సీర నేయల్లా, వల అల్లల్లా?"

నాలుగో రోజు వాడు ఏడవలేదు. మూడు కండెలు ముడి లేకుండా నిండాయి. ఐదో రోజూ అంతే. నా కొడుకు నిద్ర నేర్చుకున్నాడని వీధంతా గొప్పలు చెప్పుకున్నాను. సిగ్గైనా ఇది కూడా ఒప్పుకోవాల్సిందే.

ఆరో రోజు పాలిద్దామని ఎత్తుకుంటే తల నా భుజం మీద వాలిపోయింది. బుగ్గ తట్టినా కన్ను తెరవలేదు. అత్త చిటికెన వేలు చూశాను. గోరు నల్లగా ఉంది.

"పెట్టినావా?"

"పెట్టినా." ఆమె దాచలేదు. "నువ్వు బయట కూసుంటావు. లోపల నేను గదా ఉండేది. వాడేడుస్తాంటే నా కొడుకు సిన్నప్పుడు ఏడ్సినట్లే ఉండాదే. ఇనలేకపోయినా."

చన్నీళ్లు చల్లుతూ, ఎత్తుకుని తిప్పుతూ ఉంటే పొద్దు వాలేటప్పటికి వాడు ఏడ్చాడు. అన్ని రోజులు ఆగిపోవాలని కోరుకున్నది ఆ ఏడుపే.

నేను పోకపోతే ముగ్గురికీ గంజి లేదు. మిగిలిన నల్లమందు పేడకుప్పలో తొక్కి, రాట్నం తెచ్చి అత్త ముందు పెట్టాను.

"వాడేడిస్తే నువ్వూ బయటికొచ్చి కండె సుట్టత్తా. నిండినాకే లోపలికి పో."

సోమవారం బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాను. ఆ వారమంతా పత్తి దుమ్ములో నాకు ఒకటే ఆలోచన, వాడు లేచాడో లేదోనని.

ఆదివారం నేను వచ్చేసరికి వాడు ఊయలలో నిద్రపోతున్నాడు. మళ్లీ నల్లమందేమోనని గంపలోని కండెలు తీసి వేలితో తడిమాను. అడుగున ఉన్నవాటి నిండా ముడులే. అంటే ఏడ్చాడు, ఆమె ఓర్చుకుంది. పైనున్న రెండు కండెలు మాత్రం నున్నగా ఉన్నాయి. నా చూపు అత్త చేతుల మీదికి పోయింది. ఆమెకు తెలిసిపోయింది.

"సూసుకోవే" అని పది వేళ్లూ చాచింది. గోళ్లు తెల్లగా ఉన్నాయి. చూపుడు వేలు దారం కోసుకుని పుండైంది.

అంతలో వాడు లేచాడు. "రా నాయనా" అని చేతులు చాచాను. నన్ను చూసి ముఖం తిప్పుకుని అత్త కొంగు పట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్నే మళ్లీ బస్సు ఎక్కాను. అత్త చంకలోంచి నన్నే చూశాడు నా కొడుకు. వాడు ఏడవలేదు.