మాళిగలో పాప, గుంతలో నేను

మా పాప పోయింది. హిందూపురం ఆసుపత్రి నుంచి ధర్మవరం తీసుకొస్తుంటే, పెనుకొండ దాటాక, నా ఒడిలోనే పోయింది. తెలియనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను ఐదో తరగతి వరకే చదివినదాన్ని. తప్పులుంటే మన్నించండి.

పుట్టినప్పటి నుంచి దాని గుండె బలహీనం. కాలేజీలో చేరింది గానీ పోలేకపోయింది. మెట్లెక్కకూడదు, ఎండలో తిరగకూడదు. మాకున్నది ఒకటే గది. సగం మగ్గం, పక్కన దాని మంచం. నేను మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తుంటే, అది దిండుకు ఆనుకుని పుస్తకం చదివి వినిపించేది. యుద్ధమంటే ఏమో తెలియని నాకు అన్నీ మన మాటల్లోకి మార్చి చెప్పేది.

చివరగా పట్టుకున్నది ఒక నవల. ఊరి మీద బాంబులు పడుతుంటాయి. ఒక చిన్నపాప తల్లితో ఇంటికింద నేలమాళిగలో దాక్కుంటుంది. అక్కడే పెరుగుతుంది. బూట్లు ఇరుకైతే తల్లి వాటి ముందుభాగం కత్తిరించి ఇస్తుంది. నడిచే చోటే లేదు, అయినా ఆ పాప పొద్దున్నే బూట్లు తొడుక్కుని కూర్చుంటుంది.

"తొడుక్కొని యాడికి పోతాదంట?" అన్నాడు మా పాప వాళ్ళ నాయన.

"బయటికి పోయేపొద్దు ఎతుక్కోకుండా, నాయనా!"

ఆ రోజు నుంచి మా పాప కూడా తన చెప్పులు తుడిచి, మంచం కింద వాకిలివైపు తిప్పి పెట్టుకునేది.

"ఆ పాప మాళిగలో, నువ్వు గుంతలో, నేను మంచంలో. ముందెవరు బయటపడతారో సూద్దామా, మా?" అనేది.

"వాగకుండా సదువు," అనేదాన్ని.

నేత ముగిసి మగ్గం మీంచి చీర కోసేనాడే కథ అయిపోవాలని మా ఇద్దరి ఒప్పందం. నేను తక్కువ నేసిన రోజు అదీ తక్కువ చదివేది. పేజీలు సన్నబడే కొద్దీ నా చేతులు నెమ్మదించాయి. కథ అయిపోతే ఇంకేం మిగులుతుందో అని భయం.

షావుకారి మనిషి వచ్చి, "ఏమక్కా, చీర యాడికొచ్చినాది?" అని అడిగితే, మంచం మీద నుంచి మా పాపే జవాబు చెప్పింది.

"ఇంగా మాళిగలోనే ఉండాది అన్నా!"

అతనికి ఏమీ అర్థం కాలేదు. మేమిద్దరం నవ్వీ నవ్వీ అలిసిపోయాం.

ఆ వారమే దానికి ఊపిరి ఆడలేదు. హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. వ్యాన్‌లో తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మా, ఆ పాపని మాళిగలోనే ఇడ్సిపెట్టి వచ్చినాం," అంది.

"ఇంటికి పోయినాక బయటికి తెద్దాంలే," అన్నాను.

మాట ఇచ్చాను కదా. మైల తీరాక మళ్ళీ గుంతలో దిగాను. కొంచెం నేయడం, అక్షరం మీద వేలు పెట్టుకుని కొంచెం చదవడం. పైకే చదివాను, మంచానికి వినపడేట్టు.

నిన్న కొంగు ముగిసింది. పుస్తకంలోనూ తలుపు తెరుచుకుంది. ఆ పాప మెట్లెక్కి, ఎండకు కళ్ళు చిట్లించి, వెనక్కి తిరిగి, "అమ్మా, రా," అని పిలిచింది. అంతే, కథ అయిపోయింది.

చీర కోసి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టాను.

"ఇంగ పైకి రామే," అన్నాడు వాళ్ళ నాయన.

లేవలేకపోయాను. గుంతలో కూర్చుంటే మంచం కింద అంతా కనిపిస్తుంది. దాని చెప్పులు తుడిచినవి తుడిచినట్టే, వాకిలివైపు తిరిగి ఉన్నాయి.